ఉమ్ అబ్కర్ పోసిన కాఫీ

అమ్మాన్ నగరంలో జబల్ అమ్మాన్ అనే కొండ మీద మెట్లవీధిలో ఆడే పిల్లలకి గోల్ అంటే వల కాదు, మెట్ల తల. బంతి ఆ మొదటి మెట్టు దాటిందా, ఇక అంతే సంగతులు. నూట అరవై మెట్లూ దొర్లుకుంటూ పోయి కింద బజారులో ఎవడి టమాటా బుట్టలోనో పడుతుంది. మరి దాన్ని తెచ్చేదెవరు? వీధిలో తాడూ బొంగరం లేనివాడెవడో వాడు. ఆ రోజుల్లో అలాంటివాడు అక్కడ ఒక్కడే ఉన్నాడు, తొమ్మిదేళ్ళ వయసులో తల్లి చెయ్యి పట్టుకుని సూడాన్ నుంచి వచ్చిన అబ్కర్.

మొదటి నెలంతా వాడు ఆడింది లేదు, దిగడం ఎక్కడమే. రెండో నెలలో వాడి బుర్రకి తట్టింది. బంతిని దాటనివ్వకపోతే దిగే బాధే లేదు కదా! అప్పట్నుంచి మెట్ల తల దగ్గర పాతుకుపోయాడు. ఎవడు ఎటు కొడతాడో వాడి భుజం చూసి కనిపెట్టేవాడు. తర్వాత పేపర్లవాళ్ళు పుట్టుకతో వచ్చిన డిఫెండర్ అని రాశారు. ఏం పుట్టుక, నా మొహం! మోకాళ్ళ నొప్పితో వచ్చిన విద్య అది.

ఆ మెట్లు కడిగేది వాళ్ళమ్మే. ఆ వీధిలో నాలుగు మేడల మెట్లూ, మధ్యలో వీధి మెట్లూ, పదిహేడేళ్ళు ఆవిడ చేతుల మీదుగానే కడిగించుకున్నాయి. మర్యాద తెలిసినవాళ్ళు ఉమ్ అబ్కర్ అనేవాళ్ళు. తెలియనివాళ్ళు "మెట్లు కడిగేది ఏదీ?" అనేవాళ్ళు. ఆవిడ అసలు పేరు కల్తూమా. ఆ పేరు ఎవరికీ తెలియదు, తెలియనివ్వకుండా చూసుకున్నది కొడుకే. ఆ ఊళ్ళో మగపిల్లాడికి తల్లి పేరు బయటపడడం కన్నా నగుబాటు లేదు మరి. స్కూల్లో చేరిన కొత్తలో మాస్టారు పట్టీ చూస్తూ "తల్లి పేరు కల్తూమా" అని పైకి చదివాడు. వారం రోజులు క్లాసంతా ఆ పేరుకి రాగం కట్టి పాడారు. అప్పట్నుంచి ఏ కాగితం నింపినా అబ్కర్ ఆ గడి మీద చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు. అందరు పిల్లలూ అంతే, కానీ వాడి చెయ్యి ఇంకాస్త గట్టిగా అడ్డం ఉండేది.

పదిహేనేళ్ళప్పుడు అబూ నిమ్ర్ కంట పడ్డాడు. అబూ నిమ్ర్ అంటే క్లబ్బులో జెర్సీలు చూసుకుని బూట్లకి మేకులు బిగించే ముసలాయన. సిగరెట్టు ఒకటి ఆరకముందే ఇంకోటి ముట్టించే మనిషి. ఆయనే వాణ్ణి కోచ్ ముందు నిలబెట్టి, "బంతిని కాదయ్యా, వీడు మనిషిని చదువుతాడు, చూసుకో" అన్నాడు. పదేళ్ళలో అబ్కర్ ఆ క్లబ్బు కోటగోడ అయ్యాడు. ఇరవై ఐదో ఏట ప్రత్యేక ఉత్తర్వు మీద ఆ దేశం పౌరసత్వం ఇచ్చారు. తల్లికి ఇవ్వలేదు. ఆవిడ కొడుకు కొత్త పాస్‌పోర్టు వాసన చూసి, "కొత్త చెప్పుల వాసనొస్తోందిరా" అని నవ్వి మెట్లు కడగడానికి పోయింది.

ఇక మిగిలింది ఒకటే, దేశం జెర్సీ. ఆ జెర్సీలో వాడి స్థానం ఆరేళ్ళుగా సాయెల్‌ది. ఉత్తరాది వాడు, పెద్ద తెగ వాడు, మంచి ఆటగాడు. అబ్కర్ గోడ మీద ఒకప్పుడు వాడి ఫొటోయే ఉండేది.

ఫిబ్రవరిలో ఒక వాన రోజున వాళ్ళిద్దరి క్లబ్బులకీ సాయెల్ ఊళ్ళోనే ఆట పడింది. కార్నర్ కొట్టినప్పుడల్లా సాయెల్ తల పెట్టడానికి ముందుకొచ్చేవాడు, అబ్కర్ వాడి మీంచి ఎగిరి బంతిని తోసేసేవాడు. సొంత ఊరి జనం ముందు రెండుసార్లు అలా జరిగేసరికి సాయెల్‌కి తల కొట్టేసినట్టయింది. మూడోసారి చొక్కా పట్టుకుని గుంజుతూ చెవిలో ఒక మాట అన్నాడు. ఆ మాట నేనిక్కడ చెప్పను, చెబితే నా నోరు నేనే కడుక్కోవాలి. అబ్కర్ తల్లి గురించి, ఆవిడ ఒంటి రంగు గురించి, ఆవిడ మెట్ల మీద వంగే తీరు గురించి, అన్నీ కలిపి అన్న ఒక్క మాట.

పది నిమిషాల తర్వాత సాయెల్ బంతి తీసుకుని పరిగెత్తుకొచ్చాడు. బంతి వాడి ఎడమ పక్క ఉంది. కుడికాలు నేల మీద ఆని ఉంది. అబ్కర్ రెండూ చూశాడు. చూసి, కాలి మీదికే పోయాడు.

ఎండుకొమ్మ విరిగినట్టు చప్పుడైంది. వాన, బురద, జారుడు. రిఫరీ పసుపు కార్డుతో సరిపెట్టాడు. "జారాను" అన్నాడు అబ్కర్. పాపం జారాడు అన్నారు అందరూ. సాయెల్ ముంగాలు రెండు చోట్ల విరిగింది. ఇక ఆ కాలితో పెద్ద ఆట కల్ల అని డాక్టర్లు తేల్చేశారు.

మూడు వారాలకి దేశం జట్టు పేర్లొచ్చాయి. సాయెల్ స్థానంలో అబ్కర్. ఆ వెనకే జట్టు మేనేజరు ఫోను.

"నాయనా, అభినందనలు. కానీ సంగతి విను. జట్టులో సగం మంది ఉత్తరాది కుర్రాళ్ళు. ఆ ఇంటితో రాజీ పడకుండా నువ్వు క్యాంపులో అడుగుపెడితే వాళ్ళు నీకు బంతి కూడా ఇవ్వరు. ఆదివారం క్యాంపు. ఈలోగా సాయెల్ తండ్రి చేత 'తాగండి' అనిపించుకునిరా. అనకపోతే రాకు."

తాగండి. ఆ ఒక్క మాట కోసమే అక్కడ పెద్దమనుషులు గుంపు కట్టి వెళతారు. ఇంటాయన కాఫీ పోయిస్తాడు, వచ్చినవాళ్ళు కప్పు ముందు పెట్టుకుని ముట్టుకోకుండా కూర్చుంటారు. తప్పు మన్నిస్తే తాగండి అంటాడు. అంటే ఆ గొడవ అక్కడితో సమాప్తం, తరాల తరబడి ఎవరూ ఎత్తకూడదు. కానీ తెగ ఉన్నవాడికి వెంట తెగ నడుస్తుంది. సూడాన్ నుంచి తల్లితో వచ్చినవాడి వెంట ఎవరు నడుస్తారు?

అబూ నిమ్ర్ నడిచాడు. చెప్పులరిగేలా తిరిగి, రొట్టెల బట్టీ యజమానినీ, పళ్ళ డాక్టరునీ, మసీదు ఇమామునీ, చివరికి రిటైరైన జడ్జీ హాజీ ధియాబ్‌నీ కూడగట్టాడు. హాజీ ధియాబ్ వస్తున్నాడంటే మాటలా! నలభై ఏళ్ళలో ఆయన వెళ్ళిన చోట కాఫీ చల్లారింది లేదు.

శుక్రవారం మధ్యాహ్నం నమాజు దాటాక సాయెల్ వాళ్ళ చావడిలో కూర్చున్నారు. సాయెల్ తండ్రి అబూ సాయెల్ తెల్ల గడ్డం, పొడుగాటి మనిషి. సాయెల్ లోపల గదిలో ఉన్నాడు, కాలికి ఇనుప చువ్వలు. కాఫీ వచ్చింది. హాజీ ధియాబ్ కప్పు అందుకుని కింద పెట్టాడు. అందరూ పెట్టారు. అబ్కర్ కూడా పెట్టాడు.

"కాఫీ బాగుంటుంది హాజీ, తాగు" అన్నాడు అబూ సాయెల్ ఆనవాయితీ ప్రకారం.

"మేమొచ్చిన పని అయితే తాగుతాం" అన్నాడు హాజీ ధియాబ్. లేచి నిలబడి మాట్లాడాడు. ఏం మాట్లాడాడనుకున్నారు! దేవుడి రాత అన్నాడు, వాన అన్నాడు, ఇద్దరూ ఒక జెండా కింది బిడ్డలే అన్నాడు. "ఈ కుర్రాడికి ఇక్కడ తండ్రి లేడు, తెగ లేదు. ఇవాళ వీడి తెగ మేమే. జరిగింది విధి. మన్నించు" అని ముగించాడు. చావడిలో కళ్ళు తుడుచుకోనివాడు లేడు.

అబూ సాయెల్ గడ్డం నిమురుకున్నాడు. మనసు కరిగింది, మొహంలోనే తెలుస్తోంది. "హాజీ, నువ్వొచ్చాక కాదంటానా! ఒక్కటే. కుర్రాడి నోటితో వినాలి. నాయనా, నువ్వు వెళ్ళింది బంతి కోసమే కదా?"

అవునంటే చాలు. అందరూ అవును కోసమే ఎదురు చూస్తున్నారు, అబూ సాయెల్‌తో సహా. అబ్కర్‌కి మూడు వారాలుగా నిద్రలో వింటున్న ఎండుకొమ్మ చప్పుడు మళ్ళీ వినిపించింది. దేవుడి మీద వేసి చెప్పిన అబద్ధానికి క్షమాపణ దొరికితే, ఆ క్షమాపణ ఎవడికి దొరికినట్టు?

"కాదు" అన్నాడు.

హాజీ ధియాబ్ మొహాన కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు.

"కాలి కోసమే వెళ్ళాను. చూసే వెళ్ళాను."

"ఎందుకు?" అన్నాడు అబూ సాయెల్.

నిండు చావడిలో, ఇంతమంది మగవాళ్ళ మధ్య, తల్లి మీద పడ్డ మాటని మళ్ళీ తన నోటితో ఎలా పలకడం? "అది చెప్పను" అన్నాడు.

అబూ సాయెల్ కాఫీ పోసినవాడి వైపు తిరిగి, "కప్పులు తీసెయ్" అన్నాడు.

తిరుగుదారిలో వ్యానులో హాజీ ధియాబ్ కిటికీ వైపు మొహం తిప్పుకుని కూర్చున్నాడు, ఆయన తలపాగా కూడా చిన్నబోయింది. ఊరి పొలిమేర దాటాక అబూ నిమ్ర్ మాత్రం ఆగలేకపోయాడు.

"ఒరేయ్, నిజం చెప్పడానికి నీకు ఇవాళే దొరికిందిట్రా? మూడు వారాలుగా ఆ నోరేమైంది? నాకు చెప్పొచ్చుగా, ముందే నాలుగు తన్ని ఇంట్లో కూర్చోబెట్టేవాణ్ణి! పాపం ఆ ముసలాయన పరువు తీశావు. నీ జెర్సీ నేనే ఇస్త్రీ చేద్దామనుకున్నానురా." అని సిగరెట్టు వెలిగించబోయి ఏడ్చేశాడు.

"తప్పయింది బాబాయ్" అన్నాడు అబ్కర్.

సాయంత్రానికి మేనేజరు పేరు కొట్టేశాడు. క్లబ్బు కూడా కొన్నాళ్ళు ఇంట్లో ఉండమంది.

తల్లి గంజి కలుపుతూ ఒక్క మాట మాత్రం అంది. "వాడేమన్నాడో చెప్పొద్దులే. పదిహేడేళ్ళుగా మెట్లు కడుగుతున్నాను, నేను వినని మాట వాడి దగ్గర కొత్తగా ఏముంటుంది?" అబ్కర్ కంచం ముందు నుంచి లేచిపోయాడు. వాడికి అప్పుడే సిగ్గేసింది. కాలు విరగ్గొట్టినందుకు కాదు, ఇన్నేళ్ళూ చెయ్యి అడ్డం పెట్టుకుని తను దాచిందేమిటో గుర్తొచ్చి.

పది రోజులు గడిచాయి. ఒక పొద్దున అబూ నిమ్ర్ నూట అరవై మెట్లూ ఎక్కి రొప్పుతూ వచ్చాడు. "వస్తున్నారు! శుక్రవారం. వాళ్ళే, ఇక్కడికే!"

"కొట్టడానికా బాబాయ్?"

"నీ మొహం! తప్పు అడగడానికిరా. సాయెల్ తండ్రికి అంతా చెప్పేశాడట. తనేమన్నాడో ఉన్నదున్నట్టు చెప్పాడట. అబ్కర్ నిజం ఒప్పుకుని జెర్సీ పోగొట్టుకున్నాడు, నేను మంచం మీద పడుకుని అందరి జాలీ పొందుతున్నాను, నా వల్ల కావడంలేదు అన్నాడట. ముసలాయన మూడు రోజులు కొడుకుతో మాట్లాడలేదట. కాలు విరగడం చిన్నది, ఇంకొకరి ఇంటి ఆడదాన్ని అలా అనడం మా తెగ మొత్తానికి తలవంపులు అన్నాడట."

కల్తూమా అంతా విని, "ఇంట్లో కప్పులు ఐదే ఉన్నాయే" అంది.

పక్కింటివాళ్ళు కప్పులిస్తామన్నారు, కుర్చీలిస్తామన్నారు. ఆవిడ వద్దంది. శుక్రవారం పొద్దున్నే లేచి రోజూలాగే మెట్లు కడిగింది. ఉన్న గింజలన్నీ పెనం మీద వేయించి, శొంఠితో కలిపి దంచి, మట్టి కూజాలో కాఫీ కాచింది. గదిలో పట్టేది నలుగురు. మిగతా పెద్దమనుషులు, కోట్లవాళ్ళూ తలపాగాలవాళ్ళూ, ఆవిడ కడిగిన మెట్ల మీద వరసగా కిందిదాకా కూర్చున్నారు. హాజీ ధియాబ్, ఇమాము కూడా వచ్చారు, ఈసారి వాళ్ళ తరఫున. మేడల కిటికీలన్నీ తెరుచుకున్నాయి.

గుమ్మంలో చాప వేసి కల్తూమా కూర్చుంది. పక్కన అబ్కర్. నాలుగు కప్పులు పోసి అబూ సాయెల్‌కీ, సాయెల్‌కీ, హాజీకీ, ఇమాముకీ ఇచ్చింది. ఐదోది తన ముందు పెట్టుకుంది. వాళ్ళు కప్పులు కింద పెట్టారు.

అబూ సాయెల్ మాట్లాడాడు. హాజీ ధియాబ్‌లాగా తీయని మాటలు కావు, ముక్కుసూటిగా. "అమ్మా, నా కొడుకు నోరు నీ ఇంటి మీద పడింది. నువ్వు ఏం శిక్ష వేస్తే అది మాకు ఒప్పుదల. నువ్వు తాగమనేదాకా ఈ కాఫీ ముట్టం."

"మా పెద్దవాళ్ళు ఒకటనేవాళ్ళు" అంది కల్తూమా. "కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అని. మీవాడికి పాపం రెండూ పోయాయి." సాయెల్ వైపు చూసింది. "ఏం బాబూ, నువ్వు చెప్పు."

సాయెల్ చంకకర్రల మీద లేచాడు. "ఉమ్ అబ్కర్, నన్ను క్షమించు" అన్నాడు.

"ఉమ్ అబ్కర్ అంటే అబ్కర్ వాళ్ళమ్మ. అది మర్యాద మాట. నువ్వు ఆ మాట అన్నది ఆ మర్యాదని కాదుగా నాయనా, మెట్లు కడిగేదాన్ని. దానికీ ఒక పేరుంది. తెలుసా?"

సాయెల్ తల అడ్డంగా ఊపాడు. అబూ సాయెల్ హాజీ వైపు చూశాడు. హాజీ ఇమాము వైపు చూశాడు. ఎవరికి తెలుస్తుంది? పదిహేడేళ్ళుగా ఆ వీధిలో ఎవరూ అడగలేదు. కప్పుల్లో కాఫీ మీద మీగడలాంటి తెట్టు కడుతోంది.

నూరుమంది ముందు, తెరిచిన కిటికీలన్నిటి ముందు చిన్నప్పటి పాట అబ్కర్ చెవుల్లో మోగింది. అయినా లేచి నిలబడ్డాడు.

"మా అమ్మ పేరు కల్తూమా" అన్నాడు. మళ్ళీ అన్నాడు, ఈసారి మైదానంలో అరిచినట్టు. "కల్తూమా!"

ఆవిడ కొడుకు వైపు తిరిగి కూడా చూడలేదు. కానీ చాప అంచు పట్టుకున్న వేళ్ళు బిగుసుకున్నాయి.

"విన్నావుగా" అంది సాయెల్‌తో. "ఇప్పుడడుగు. ఆ ఆఖరి మెట్టు మీద కూర్చున్నాయనకి కూడా వినపడాలి. రోజూ అక్కడిదాకా కడుగుతాను నేను."

సాయెల్ కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకుందామంటే రెండు చేతులూ కర్రల మీదే. "కల్తూమా పిన్నీ" అని అరిచాడు. "నిన్ను అనరాని మాట అన్నాను. నన్ను క్షమించు కల్తూమా పిన్నీ!"

కొండ మీద ఆ పేరు అటూ ఇటూ తగిలి కింద బజారుదాకా దిగింది.

"తాగండి" అందావిడ.

తాగారు. చల్లారిన కాఫీ, శొంఠి ఘాటు, అడుగున మడ్డి. ఒక్కడూ మొహం చిట్లించలేదు. నాలుగు కప్పులూ ఖాళీ అయి, మళ్ళీ నిండి, చేతులు మారుతూ మెట్టు మెట్టుకీ దిగుతూ ఆఖరి మెట్టుదాకా పోయి వచ్చాయి. అంతసేపూ ఎవరో ఒకరు దీవిస్తూనే ఉన్నారు. అబూ నిమ్ర్ రెండుసార్లు తాగాడు.

అందరూ లేవబోతుంటే అబూ సాయెల్ ఆగిపోయాడు. ఐదో కప్పు నిండుగా ఆవిడ ముందు అలాగే ఉంది.

"నువ్వు తాగలేదేం తల్లీ?"

"నాదీ ఒక కోరికుంది" అంది కల్తూమా. మోకాళ్ళ మీద చేతులానించి కష్టంగా లేచి నిలబడింది. "నా వెంట పెద్దమనుషులు లేరు. తెగ లేదు. వీడొక్కడే. వీడు నీ బిడ్డ కాలు చూసి చూసి విరగ్గొట్టాడు. మాటకి కాలు బదులు కాదు, నాకు తెలుసు. నీ బిడ్డ ఇక ఆడలేడు. దానికి నేను ఏ మెట్లు కడిగినా తీరదు. నా కొడుకుని క్షమించండి. అప్పుడు తాగుతాను."

అబ్కర్ తల దించుకున్నాడు. జెర్సీ ఇక వాడి తలపులో లేదు. అమ్మ నిలబడి ఉంది, ఆ మోకాళ్ళు ఎక్కువసేపు నిలబడలేవు, అదొక్కటే వాడికి తెలుస్తోంది.

అబూ సాయెల్ నోరు తెరిచాడు, కానీ సాయెల్ తండ్రి చెయ్యి పట్టుకుని ఆపాడు. కర్రల మీద రెండడుగులు వేసి, వంగలేక వంగి, ఒక కర్ర జారి టకటకా మెట్లు దిగిపోతున్నా పట్టించుకోకుండా, కింద ఉన్న కప్పు తీసి ఆవిడ చేతికందించాడు. పడబోతే అబ్కర్ ముందుకొచ్చి వాణ్ణి పట్టుకున్నాడు.

"తాగు పిన్నీ" అన్నాడు సాయెల్, అబ్కర్ భుజం మీద బరువు వేసి. "తాగు కల్తూమా పిన్నీ."

ఆవిడ తాగింది.

"చల్లారిపోయింది" అంది. "గింజలు కూడా అయిపోయాయి. ఎవరైనా కాసిని తెస్తే మళ్ళీ కాస్తాను, కూర్చోండి."

అక్టోబరులో అబ్కర్‌కి మళ్ళీ పిలుపొచ్చింది. క్యాంపు మొదటిరోజు గుమాస్తా అందరికీ కాగితాలు పంచాడు. తల్లి పేరు అనే గడి దగ్గర కుర్రాళ్ళందరూ అలవాటు కొద్దీ చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. అబ్కర్ పెట్టుకోలేదు. గుమాస్తాకి రాత సరిగా అర్థం కాక, మెల్లిగా చెవి దగ్గరికొచ్చి అడిగాడు.

"కల్తూమా" అన్నాడు అబ్కర్, గదిలో అందరికీ వినపడేటట్టు. "సరిగ్గా రాసుకోండి."